అంచురాయి దెబ్బ తర్వాత కారు చప్పుళ్లు: లోపనిర్ధారణలో తెలుగు క్రియారూపాల, ధ్వన్యనుకరణ పదాల పాత్ర

వ్యాస సంగ్రహం:

డివైడరుకో, ఫుట్‌పాత్ గట్టుకో చక్రం బలంగా తగిలిన తర్వాత కారు అడుగుభాగం నుంచి కొత్త చప్పుళ్లు పుడతాయి. వాటి మూలాన్ని గుర్తించే పద్ధతిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. చప్పుడు ఎలా ఉందన్న వర్ణన కంటే అది ఎప్పుడు వస్తోందన్న వివరణ లోపనిర్ధారణకు ఎక్కువ తోడ్పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగులోని ‘-కొద్దీ’, ‘-ప్పుడల్లా’, ‘-గానే’ అనే మూడు కాలసంబంధ రూపాలు మూడు రకాల యాంత్రిక లోపాలను వేరు చేయడానికి ఎలా పనికివస్తాయో సోదాహరణంగా చూపుతుంది. ధ్వన్యనుకరణ పదాల ప్రయోజనాన్ని, పరిమితిని కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సస్పెన్షన్, అంచురాయి, ధ్వన్యనుకరణం, వృత్తిపదజాలం, బాల్ జాయింట్, వీల్ బేరింగ్, లోపనిర్ధారణ.

1. ఉపోద్ఘాతం

ఒక వర్షాకాలపు రాత్రి హనుమకొండలో కళాశాల నుంచి ఇంటికి వస్తుండగా, ఎదుటి వాహనాల వెలుగులో డివైడరు మొదలు కనిపించక నా కారు ముందు కుడిచక్రం దాని అంచురాయికి తగిలింది. టైరు పగల్లేదు, బండి ఆగలేదు. మరునాటి నుంచి మాత్రం అడుగున ఏదో చప్పుడు మొదలైంది. దగ్గరలోని ఒక షెడ్డులో “సౌండ్ వస్తోంది” అని మాత్రమే చెప్పాను. వారు షాక్ అబ్జార్బర్లు పోయాయని చెప్పి ముందువైపు రెండూ మార్చారు. చప్పుడు పోలేదు.

వారం తర్వాత మరొక మెకానిక్ దగ్గరకు వెళ్లాను. వయసులో పెద్దవాడు. నేను చప్పుడును అనుకరించి చూపబోతుంటే ఆపి ఇలా అడిగాడు: “అది తర్వాత సార్. ఎప్పుడొస్తుందో చెప్పుండ్రి. గుంతల పడ్డప్పుడల్లనా, స్టీరింగ్ తిప్పంగనేనా, స్పీడు పెరిగినకొద్దినా?” చిన్న గుంత దిగినప్పుడల్లా టక్కుమంటోందని, ఇంటిముందు బండి నిలిపి స్టీరింగ్ తిప్పితే కూడా వస్తోందని చెప్పాను. ఆయన చక్రం పైకెత్తి రెండు చేతులతో ఊపి చూశాడు. లోయర్ ఆర్మ్ చివర ఉండే బాల్ జాయింట్ వదులైంది. “ఇది ఊడితే చక్రం పక్కకు వాల్తది సార్” అన్నాడు.

అవసరం లేని భాగాలకు డబ్బు పోయిందన్నది ఇందులో చిన్న విషయం. వారం రోజులపాటు ఇంటిల్లిపాదినీ ఆ బండిలో తిప్పానన్నదే పెద్ద విషయం. మొదటి షెడ్డుకు నేను ఇచ్చిన సమాచారం ఒక్క నామవాచకం. రెండవ మెకానిక్ అడిగింది క్రియావిశేషణ వాక్యం. ఈ తేడాను శాస్త్రీయంగా వివరించవచ్చునా అన్న ప్రశ్న నుంచి ఈ వ్యాసం పుట్టింది.

2. దెబ్బ ప్రయాణించే మార్గం

చప్పుడు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే దెబ్బ ఏయే భాగాల గుండా వెళుతుందో ముందు తెలుసుకోవాలి. మన రోడ్లపై తిరిగే చిన్న కార్లలో అత్యధిక భాగం ముందు చక్రాలకు మాక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక ఉంటుంది. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ పేరుతో ప్రసిద్ధమైన ఈ అమరిక 1983లో మన దేశంలో వచ్చిన మారుతి 800లోనూ ఉంది. ఇందులో స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఒకే నిలువు స్తంభంగా ఉంటాయి. దాని పైకొన రబ్బరు మౌంటు ద్వారా కారు శరీరానికి బిగించి ఉంటుంది. కింది కొన చక్రాన్ని మోసే నకిల్‌కు అతుక్కుని ఉంటుంది. నకిల్ కింది భాగాన్ని లోయర్ ఆర్మ్ పట్టి ఉంచుతుంది. ఆర్మ్‌కు, నకిల్‌కు మధ్య బాల్ జాయింట్, ఆర్మ్‌కు, కారు చట్రానికి మధ్య రబ్బరు బుష్‌లు ఉంటాయి. స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చేది టై రాడ్. మలుపుల్లో కారు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీని స్ట్రట్‌కో, ఆర్మ్‌కో జోడించేది లింక్ రాడ్.

ఈ భాగాలు ప్రధానంగా కిందినుంచి పైకి వచ్చే కుదుపును తట్టుకునేలా రూపొందాయి. గుంతలో పడినప్పుడు వచ్చేది ఆ కుదుపే. అంచురాయి దెబ్బ అలాంటిది కాదు. అది పక్కనుంచి, ముందునుంచి ఏటవాలుగా వస్తుంది. మొదట టైరు, తర్వాత రిమ్, ఆపై హబ్‌లోని బేరింగు, నకిల్, అక్కడి నుంచి లోయర్ ఆర్మ్, టై రాడ్ దాన్ని వరుసగా అందుకుంటాయి. ఏది బలహీనమైతే అది వంగుతుంది, చీలుతుంది లేదా వదులవుతుంది. దెబ్బలోని శక్తి వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. కనుక గంటకు 20 కి.మీ. వేగంతో తగిలిన దెబ్బకూ 40 కి.మీ. వేగంతో తగిలిన దెబ్బకూ తేడా రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు.

మరొక స్థానిక విషయం గుర్తుంచుకోవాలి. మనం రోడ్డుకు ఎడమవైపున నడుపుతాం కాబట్టి డివైడరు సాధారణంగా కుడిచక్రాలకు, ఫుట్‌పాత్ గట్టు ఎడమచక్రాలకు తగులుతాయి. డ్రైవరు కుడివైపున కూర్చుంటాడు. ఎడమ ముందుచక్రం దగ్గర పుట్టిన సన్నని చప్పుడు అతనికి ఆలస్యంగా వినిపించే అవకాశం ఉంది.

3. మూడు కాలసంబంధాలు, మూడు లోపవర్గాలు

కారు నడుస్తున్నప్పుడు చప్పుడును పుట్టించే చలనాలు మూడు: చక్రం తిరగడం, రోడ్డు ఎత్తుపల్లాలకు చక్రం పైకీ కిందికీ కదలడం, డ్రైవరు చేసే చర్య. మొదటిది వేగాన్ని అనుసరిస్తుంది, రెండవది రోడ్డును, మూడవది డ్రైవరు చేతులను, పాదాలను. తెలుగులో ఈ మూడు సంబంధాలను చెప్పడానికి మూడు వేర్వేరు రూపాలు సిద్ధంగా ఉన్నాయి. ‘-కొద్దీ’ అనుపాతాన్ని, ‘-ప్పుడల్లా’ ఆవృత్తిని, ‘-గానే’ తక్షణత్వాన్ని తెలుపుతాయి.

3.1 ‘వేగం పెరిగేకొద్దీ’

వేగంతోపాటు పెరిగి, వేగంతోపాటు తగ్గే చప్పుడు తిరిగే భాగాలకు చెందుతుంది. టైరు, రిమ్, బేరింగు, బ్రేకు డిస్కు ఈ వర్గంలోకి వస్తాయి. దీన్ని లెక్కతో కూడా సరిచూసుకోవచ్చు. 165/80 ఆర్ 14 కొలత గల టైరు ఒకసారి తిరిగితే కారు సుమారు 1.95 మీటర్లు ముందుకు వెళుతుంది. గంటకు 20 కి.మీ. వేగంలో ఆ చక్రం సెకనుకు దాదాపు మూడుసార్లు తిరుగుతుంది. ఆ వేగంలో సెకనుకు సుమారు మూడు దెబ్బలు వినిపిస్తూ, వేగం సగమైతే దెబ్బలూ సగమైతే, లోపం చక్రంతోపాటు తిరుగుతున్నదని అర్థం. టైరు పక్కగోడలోని దారాలు తెగి ఉబ్బు వచ్చినా, రిమ్ అంచు వంగినా ఈ లయ వినిపిస్తుంది. స్టీరింగ్‌లో వణుకు కూడా తోడుకావచ్చు.

అదే లయలో సన్నగా రేకు గీరుకున్న చప్పుడు వస్తే బ్రేకు డిస్కు వెనుక ఉండే పలుచని రక్షణరేకు వంగి డిస్కుకు తగులుతూ ఉండవచ్చు. వినడానికి భయం గొలిపే ఈ చప్పుడు నిజానికి తక్కువ ప్రమాదకరం. రేకును చేత్తో వెనక్కి వంచితే చాలాసార్లు పోతుంది.

దెబ్బలుగా విడిపోకుండా ఒకే హోరుగా వచ్చి, వేగంతో స్థాయి పెరిగితే బేరింగును అనుమానించాలి. బేరింగులోని ఉక్కు గుండ్లు దెబ్బ తగిలిన క్షణంలో తమ దారిలో చిన్న చిన్న గుంటలు పడేలా నొక్కుకుంటాయి. దీన్ని ఇంజనీర్లు బ్రినెలింగ్ అంటారు. ఉక్కు గుండును లోహంపై నొక్కి దాని గట్టిదనాన్ని కొలిచే పద్ధతిని 1900లో ప్రకటించిన స్వీడన్ ఇంజనీరు యోహాన్ ఆగస్ట్ బ్రినెల్ పేరు మీద ఈ మాట ఏర్పడింది. గుంటలు మొదట చాలా చిన్నవి. వాటిపై గుండ్లు దొర్లిదొర్లి ఉపరితలం పాడయ్యాకే చప్పుడు స్పష్టమవుతుంది. అందుకే దెబ్బ తగిలిన కొన్ని వారాలకు వచ్చే హోరును చాలామంది ఆ దెబ్బతో ముడిపెట్టలేరు.

బేరింగు హోరునూ టైరు హోరునూ వేరు చేసే మార్గం ఉంది. రోడ్డు తారు నుంచి సిమెంటుకు మారినప్పుడు చప్పుడు మారితే అది టైరుది. విశాలమైన ఎడమ మలుపులో పెరిగి, కుడి మలుపులో తగ్గితే అది సాధారణంగా కుడి బేరింగుది. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడిచక్రాలపైకి జరగడమే దీనికి కారణం.

3.2 ‘గుంత దిగినప్పుడల్లా’

వేగంతో నిమిత్తం లేకుండా, రోడ్డు ఎగుడుదిగుడైన ప్రతిసారీ వచ్చే చప్పుడు పైకీ కిందికీ కదిలే భాగాలకు చెందుతుంది. లింక్ రాడ్, బాల్ జాయింట్, స్ట్రట్ మౌంటు, షాక్ అబ్జార్బర్, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఈ వర్గంలోనివి. నా కారు షాక్ అబ్జార్బర్లు మారడానికి కారణం ఇదే. అవి కూడా ఈ వర్గానికే చెందుతాయి కాబట్టి ఊహ పూర్తిగా నిరాధారం కాదు. కానీ వర్గం తెలిసిన తర్వాత సభ్యుణ్ణి గుర్తించడం మరొక మెట్టు. ఆ మెట్టు ఎక్కకుండానే మరమ్మతు జరిగింది.

ఈ మెట్టుకు కొన్ని ఉపాయాలున్నాయి. ఒక చక్రం మాత్రమే గుంతలో పడినప్పుడు టకటకలాడి, స్పీడ్ బ్రేకరుపై రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కినప్పుడు చప్పుడు తగ్గితే లింక్ రాడ్‌ను అనుమానించాలి. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు వాటిని కలిపే కడ్డీ మెలిపడదు, లింక్ రాడ్‌పై బలం పడదు. బానెట్ మూలను చేత్తో బలంగా నొక్కి వదిలితే కారు ఒకసారి లేచి నిలబడాలి. ఊగుతూనే ఉన్నా, షాక్ అబ్జార్బర్ ఒంటిమీద నూనె తడి కనిపించినా అది పాడైనట్టే. ఊగకుండా నిలబడినంత మాత్రాన మిగతావన్నీ బాగున్నాయని అనుకోకూడదు.

3.3 ‘తిప్పగానే, బ్రేకు వేయగానే’

బండి నిలిచి ఉన్నా, నునుపైన రోడ్డుపై ఉన్నా డ్రైవరు చర్యకు వెంటనే స్పందనగా వచ్చే చప్పుడు మూడవ వర్గం. స్టీరింగ్ తిప్పగానే స్ప్రింగు బిగిసి వదిలినట్టు ‘టంగ్’మంటే స్ట్రట్ పైకొనలోని బేరింగు సాఫీగా తిరగడం లేదని, లేదా స్ప్రింగు తన పీఠం నుంచి జరిగిందని, విరిగిందని సూచన. టక్కుమంటే టై రాడ్ చివర గానీ బాల్ జాయింట్ గానీ వదులై ఉండవచ్చు.

బ్రేకు వేయగానే ఒకసారి, మళ్లీ కదలగానే ఒకసారి మొద్దుగా ‘దబ్’మంటే లోయర్ ఆర్మ్ బుష్ చీలి ఉండవచ్చు. బ్రేకు వేసినప్పుడు చక్రం వెనక్కి, కదిలినప్పుడు ముందుకు నెట్టుకుపోవడాన్ని చీలిన రబ్బరు ఆపలేదు.

రెండు రూపాలు కలిసే సందర్భాలూ ఉంటాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి బండిని కదిలించగానే టకటక మొదలై, వేగం పెరిగేకొద్దీ దెబ్బలు దగ్గరపడితే అది ఇంజన్ శక్తిని చక్రానికి చేర్చే షాఫ్ట్ చివరి జాయింటుది. నా కారులో కలిసినవి ‘-ప్పుడల్లా’, ‘-గానే’. రోడ్డు కుదుపుకూ, స్టీరింగ్ కదలికకూ రెండింటికీ లోనయ్యే భాగాల్లో బాల్ జాయింట్ ముఖ్యమైనది. అందుకే మెకానిక్ చేయి ముందు అక్కడికి వెళ్లింది.

4. ధ్వన్యనుకరణ పదాల ప్రయోజనం, పరిమితి

ధ్వన్యనుకరణ పదాల సమృద్ధి ద్రావిడ, ఇండో-ఆర్య భాషలు రెండింటికీ ఉమ్మడి లక్షణమని ఎం.బి. ఎమెనో 1969లో ‘లాంగ్వేజ్’ పత్రికలో ప్రకటించిన వ్యాసంలో నిరూపించారు. తెలుగులో ఈ పదాలు ‘-మను’, ‘-లాడు’ వంటి క్రియలతో కలిసి వాక్యంలోకి వస్తాయి. ‘టక్కుమంది’ అంటే ఒక దెబ్బ, ‘టకటకలాడుతోంది’ అంటే దెబ్బల పరంపర. ఒంటరి రూపం, ద్విరుక్త రూపం మధ్య ఉన్న ఈ తేడాయే లోపనిర్ధారణలో ఉపయోగపడుతుంది. బ్రేకు వేస్తే టక్కుమనడం వేరు, బ్రేకు వేసినంతసేపూ టకటకలాడడం వేరు. మొదటిది వదులైన భాగం ఒకవైపు నుంచి మరొకవైపుకు జరగడం. రెండవది తిరిగే భాగంలో లోపం.

తగిలే పదార్థాల స్వభావాన్ని కూడా ఈ పదాలు కొంత సూచిస్తాయి. లోహం లోహానికి తగిలితే ‘టక్’, మధ్యలో చీలిన రబ్బరు ఉంటే ‘దబ్’, పొడిబారిన తలాలు రాసుకుంటే ‘కిర్రు’, గరుకైన దారిలో గుండ్లు దొర్లితే ‘హోరు’. కనుక ధ్వన్యనుకరణ పదం ఏవి తగులుకుంటున్నాయో చెబుతుంది. కాలసంబంధ రూపం ఏ చలనం వాటిని తగిలిస్తోందో చెబుతుంది. రెండూ కలిస్తేనే భాగం పేరు తేలుతుంది.

అయితే ఒకరి ‘గరగర’ మరొకరికి ‘బరబర’ కావచ్చు. పైగా చప్పుడు కారు శరీరపు రేకుల గుండా ప్రయాణించి పుట్టినచోట కాక మరోచోట వినిపిస్తుంది. ఎడమ చక్రం చప్పుడు కుడివైపున వినిపించడం అరుదు కాదు. ‘ఎప్పుడు’ అన్నదానికి ఇలాంటి సందిగ్ధత తక్కువ. స్టీరింగ్ తిప్పగానే వచ్చిందా లేదా అన్నది ఎవరు విన్నా ఒకటే. అందువల్ల రెండింటిలో ప్రాధాన్యం కాలసంబంధానికి ఇవ్వాలి.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రచురించిన ‘మాండలిక వృత్తి పదకోశం’ 1962లో వ్యవసాయ పదాలతోనూ, 1971లో చేనేత పదాలతోనూ వెలువడింది. వృత్తిలో ఉన్నవారి నోటినుంచే పదాలను సేకరించడం దాని పద్ధతి. మోటారు షెడ్డులోనూ అలాంటి పదజాలం ఉంది. భాగాల పేర్లు ఇంగ్లీషువి కాబట్టి మనం దాన్ని తెలుగుగా గుర్తించడం లేదు. లోపాన్ని చెప్పే క్రియలు మాత్రం తెలుగువే: బుష్ ‘ఆడుతోంది’, బండి ఒక పక్కకు ‘లాగుతోంది’, చక్రం టైరును ‘తింటోంది’. ఈ మూడింటిలో ప్రతిదీ ఒక నిర్దిష్ట లోపలక్షణానికి పేరు.

5. చేతితో నిర్ధారణ

విన్నదాన్ని చేత్తో సరిచూడకుండా భాగాన్ని మార్చకూడదు. చదునైన నేలపై చక్రాన్ని పైకెత్తి, జాకీపైనే ఆధారపడకుండా స్టాండు పెట్టిన తర్వాతే పరీక్షించాలి. గడియారంలో 12, 6 అంకెలుండే చోట చక్రాన్ని పట్టుకుని ఊపినప్పుడు ఆడితే బాల్ జాయింట్ గానీ బేరింగు గానీ వదులైనట్టు. మరొకరు బ్రేకు తొక్కి ఉంచగా మళ్లీ ఊపాలి. ఆట పోతే బేరింగు, పోకపోతే బాల్ జాయింట్ అనుమానించదగినది. 9, 3 అంకెల దగ్గర మాత్రమే ఆడితే టై రాడ్ వైపు చూడాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూ స్ప్రింగుపై వేళ్లు ఆనిస్తే బేరింగులోని గరుకుదనం చెవికంటే ముందు చేతికి తెలుస్తుంది. వేళ్లు స్ప్రింగు చుట్ల మధ్యకు పోకుండా జాగ్రత్తపడాలి. ఎడమ, కుడి లోయర్ ఆర్మ్‌లను పక్కపక్కన పోల్చి చూస్తే వంపు కూడా బయటపడుతుంది.

6. అలైన్‌మెంట్ అపోహ

దెబ్బ తర్వాత స్టీరింగ్ ఒక పక్కకు వంకరగా నిలిస్తే చాలామంది నేరుగా వీల్ అలైన్‌మెంట్‌కు వెళతారు. టై రాడ్ పొడవు సవరించి స్టీరింగును నిటారుగా నిలబెట్టడం అక్కడ సాధ్యమే. కానీ టై రాడ్ వంగినందువల్లనే ఆ వంకర వచ్చి ఉంటే, సవరణ దాన్ని దాచిపెడుతుందే తప్ప తొలగించదు. వంగిన టై రాడ్‌ను సాగగొట్టి వాడకూడదు, మార్చాలి. మాక్‌ఫర్సన్ అమరిక గల చాలా కార్లలో చక్రం నిలువు వాలును, అంటే కాంబర్‌ను, సవరించే వీలు పరిమితం. ఎడమ కుడి చక్రాల కాంబర్ అంకెల మధ్య పెద్ద తేడా కనిపిస్తే ఆర్మ్, నకిల్, స్ట్రట్‌లలో ఏదో వంగిందని గ్రహించాలి. కాబట్టి అలైన్‌మెంట్ యంత్రం ఇచ్చే కాగితాన్ని పారేయకుండా సవరణకు ముందున్న అంకెలను అడిగి చదవడం మంచిది.

కొన్ని లక్షణాలు కనిపిస్తే నిర్ధారణ కోసం కూడా బండి నడపకూడదు. టైరు పక్కగోడపై ఉబ్బు, కంటికి తెలిసేంతగా ఒరిగిన చక్రం, ఒక్కసారిగా వంకరైన స్టీరింగ్, చక్రం దగ్గర బ్రేకు నూనె కారడం, స్టీరింగ్ తిప్పినప్పుడు తగిలే గట్టి దెబ్బ అలాంటివి. అప్పుడు బండిని మోయించుకు పోవడమే క్షేమం.

7. ముగింపు

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి:

1. అంచురాయి దెబ్బ సస్పెన్షన్ సహజంగా తట్టుకునే దిశలో రాదు. అందువల్ల టైరు బాగున్నంత మాత్రాన లోపలి భాగాలు బాగున్నట్టు కాదు.

2. ‘-కొద్దీ’ తిరిగే భాగాలను, ‘-ప్పుడల్లా’ పైకీ కిందికీ కదిలే భాగాలను, ‘-గానే’ డ్రైవరు చర్యకు లోనయ్యే భాగాలను సూచిస్తాయి. రెండు రూపాలు కలిస్తే రెండు చలనాలకూ లోనయ్యే భాగాన్ని ముందు పరీక్షించాలి.

3. ధ్వన్యనుకరణ పదం తాకిడి స్వభావాన్ని తెలుపుతుంది. దాన్ని కాలసంబంధ రూపంతో కలిపి చెప్పినప్పుడే అది సమాచారమవుతుంది.

4. దెబ్బ తగిలిన కొన్ని వారాలకు మొదలైన హోరును కూడా ఆ దెబ్బతో ముడిపెట్టి చూడాలి.

మెకానిక్ దగ్గరకు వెళ్లేముందు ఒక పూర్తి వాక్యం సిద్ధం చేసుకోవడం మన చేతిలో ఉన్న పని. “సౌండ్ వస్తోంది” అన్నది వాక్యమే, కానీ అందులో సమాచారం లేదు. “కుడివైపు, చిన్న గుంత దిగినప్పుడల్లా టక్కుమంటోంది, బండి నిలిపి స్టీరింగ్ తిప్పగానే కూడా వస్తోంది” అని మొదటి షెడ్డులోనే చెప్పి ఉంటే నా బండి ఆ వారం రోజులు రోడ్డెక్కేది కాదు. భాషా బోధకులమైన మనం తరగతిలో క్రియావిశేషణ వాక్యాలకు ఉదాహరణలు వెతుక్కుంటూ ఉంటాం. విద్యార్థుల్లో చాలామంది ఏదో ఒక బండి నడిపేవారే. ఈ ఉదాహరణలు వారికి వ్యాకరణంతోపాటు మరొక విధంగానూ ఉపకరిస్తాయి.